సముద్రం ఒడ్డున ఇల్లో స్థలమో ఉందా? రాళ్ళ గోడ, ఇసుక పోయడం, బీచ్ రోడ్డు, వెనక్కి జరగడం: దేన్ని అడగాలి, దేన్ని వద్దనాలి

మా ఇంట్లో సముద్రం గొడవ రెండు వైపుల నుంచీ ఉంది. అమ్మ పుట్టిల్లు ఉప్పాడ పక్క పల్లె, అక్కడ మావయ్య ఇంటికీ అలలకీ మధ్య నిరుడు చూసేసరికి నాలుగు కొబ్బరి చెట్లు పట్టేంత జాగా మిగిలింది అంతే. నాన్న రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కొన్న స్థలమేమో భీమిలి వైపు, అక్కడ కోత కంటే కాగితాల గొడవ, రోడ్ల గొడవ ఎక్కువ. ఈ రెండింటి వెనకా పదేళ్ళుగా తిరుగుతున్నాను, ఆఫీసుల్లో నిలబడ్డాను, తీరం పనులు చేసే ఇంజనీర్లని అడిగాను, వేటకెళ్ళే వాళ్ళ పక్కన కూర్చుని విన్నాను, అలా తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నా. ఎవరైనా "గోడ కట్టించుకోవాలా ఇసుక పోయించుకోవాలా, రోడ్డొస్తే రేటు పెరుగుతుందా" అని అడిగితే ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పాల్సొస్తోంది, అందుకే ఒకచోట పెట్టేస్తున్నాను.

ముందు ఒక మాట. ఏది బెటర్ అనే ప్రశ్న కంటే ముందు మీ ఇసుక ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎక్కడ ఆగిపోయింది అనేది తెలియాలి. ఇది తెలియకుండా ఏది అడిగినా డబ్బు సముద్రంలో పోసినట్టే.

మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట కుదురుగా ఉండదండి. మార్చి నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలులకి అలలు ఏటవాలుగా కొట్టి ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి, నవంబర్ దాటాక ఈశాన్య గాలులకి కొంత తిరిగి కిందకొస్తుంది, ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే చాలా ఎక్కువ, అది లక్షల క్యూబిక్ మీటర్లలో ఉంటుంది. ఈ నడిచే ఇసుకకి అడ్డంగా ఎవరైనా సముద్రంలోకి రాళ్ళ కట్ట కడితే కట్టకి దక్షిణాన బీచ్ పెరుగుతుంది, ఉత్తరాన ఉన్న ఊరికి ఇసుక అందక ఒడ్డు కోసుకుపోతుంది. మద్రాసు హార్బర్ 1870ల మధ్యలో మొదలుపెట్టి కట్టాక దక్షిణాన మెరీనా అంత వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు ఇళ్ళు పోయాయి, ఆ రెండూ ఒకే కట్ట చేసిన పనే. విశాఖలో 1970ల్లో ఔటర్ హార్బర్ కట్టలు వేశాక ఆర్కే బీచ్‌కి వచ్చిన కష్టం కూడా అదే. ఉప్పాడ సంగతి ఇంకొంచెం చిక్కు, గోదావరి తెచ్చే ఇసుకతో కాకినాడ ముందు హోప్ ఐలాండ్ దిబ్బ పొడుగ్గా పెరుగుతూ పోయింది, దాని నీడలో ఉన్న కాకినాడకి రక్షణ, దాని చివర దాటాక ఉన్న ఉప్పాడకి మాత్రం దెబ్బ. పైగా పైన బ్యారేజీలు డ్యాములు కట్టుకున్నాం కాబట్టి కృష్ణా గోదావరీ రెండూ సముద్రానికి ఇచ్చే మట్టీ ఇసుకా బాగా తగ్గిపోయాయి.

1990 నుంచి 2018 దాకా తీరం ఎలా మారిందో చెన్నైలో ఉన్న జాతీయ తీర పరిశోధన కేంద్రం వాళ్ళు ఉపగ్రహ చిత్రాలతో లెక్క వేశారు. దేశం మొత్తం మీద 33.6 శాతం తీరం కోతకి గురవుతోంది, 26.9 శాతం పెరుగుతోంది, మిగతాది నిలకడగా ఉంది. ఆంధ్రలో కోత 28.7 శాతం. అంటే మన రాష్ట్రంలో ఎక్కువ తీరం నిజానికి బాగానే ఉంది, కాబట్టి "సముద్రం పక్కన కొనకూడదు" అని గంపగుత్తగా చెప్పడం తప్పు, అలాగే పక్క ఊళ్ళో బాగుంది కాబట్టి మన ఊళ్ళోనూ బాగుంటుంది అనుకోవడం కూడా తప్పే. మీ చోటు సంగతి మీరే చూసుకోవచ్చు, కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకుంటే పాత సంవత్సరాల చిత్రాలు కనిపిస్తాయి, మీ ఊళ్ళో కదలని గుర్తు ఒకటి పెట్టుకోండి, రామాలయమో చర్చో వాటర్ ట్యాంకో, అక్కణ్ణుంచి ఇసుక అంచు దాకా ఒక్కో ఏడాదికీ దూరం కొలవండి. వీలైతే ఒకే నెల చిత్రాలే పోల్చండి ఎందుకంటే జూలైలో బీచ్ సన్నగా, ఫిబ్రవరిలో వెడల్పుగా ఉండటం మామూలే, ఆ తేడా చూసి కంగారు పడకూడదు. పదేళ్ళ దూరాలు ఒక కాగితం మీద రాసుకుంటే చాలు, ఏ కన్సల్టెంటూ ఇంతకంటే ముందు అడుగు చెప్పడు.

ఇక ఒక్కొక్కటీ.

అందరూ మొదట అడిగేది రాళ్ళ గోడ. కంటికి కనిపిస్తుంది, నాయకుడికి శంకుస్థాపన ఉంటుంది, మనకీ రాత్రి నిద్ర పడుతుంది. మా మావయ్య కూడా అదే చేశాడు, ప్రభుత్వం కోసం ఎదురు చూడలేక సొంత డబ్బు లక్షా ఎనభై వేలు పెట్టి లారీలతో బండరాళ్ళు తెప్పించి పెరటి అంచున పేర్పించాడు, మధ్యలో సిమెంటు బస్తాలు వేయించాడు. మొదటి ఏడాది బాగుంది, అత్తయ్య ఫోన్ చేసి "మీ మావయ్య సముద్రాన్ని ఆపేశాడ్రా" అంది సంతోషంగా. రెండో ఏడాది ఏమైందంటే గోడ ముందు ఉండే ఆ కాస్త ఇసుకా పోయింది. అల బీచ్ మీద పడితే మెల్లగా పైకెక్కి దాని బలం అంతా అక్కడే అయిపోతుంది, గోడకి కొడితే అదే బలంతో వెనక్కి తిరిగి గోడ పాదం దగ్గర ఇసుక తవ్వుకుపోతుంది, అలా తవ్వగా తవ్వగా రాళ్ళు కిందకి దిగిపోతాయి. మూడో ఏడాది తుపానుకి సగం రాళ్ళు జారిపోయాయి. దానికంటే బాధ ఏంటంటే గోడ చివర ఉత్తరం వైపున్న పక్కింటి వాళ్ళ పెరడు ఒక్క సీజన్లో పది అడుగులు కోసుకుపోయింది. ముప్పై ఏళ్ళు ఒకరి పెళ్ళిళ్ళకి ఒకరు వండి పెట్టుకున్న కుటుంబాలు, ఇప్పుడు మాటల్లేవు. వాళ్ళదీ తప్పు కాదు, మావయ్యదీ తప్పు కాదు, గోడ అంటేనే అంత. గోడ ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచి కోత మొదలు.

పుదుచ్చేరిలో ఇదే ఊరంత సైజులో జరిగింది. 1980ల చివర హార్బర్ కట్టలు వేశాక ఊరి ముందు బీచ్ పోయింది, ప్రొమెనేడ్ కాపాడటానికి బండరాళ్ళు పోశారు, రోడ్డు నిలిచింది, బీచ్ మాత్రం పోయింది, కోత ఉత్తరాన తమిళనాడు జాలరి పల్లెలకి పోయింది. కాబట్టి గోడ పనికిరాదని నేను అనట్లేదు, గోడ వెనక ఆసుపత్రో హైవేయో కదపలేని పాత ఊరో ఉంటే కట్టాల్సిందే, కానీ గోడ అడిగేటప్పుడు "మా బీచ్ వద్దు, మా రోడ్డు చాలు" అని సంతకం పెడుతున్నాం అని తెలిసి పెట్టాలి. పల్లెలో అయితే తెప్పలు ఫైబర్ బోట్లు ఎక్కడికి లాగుతారు, అలివి వల ఎక్కడ లాగుతారు అనేది కూడా ముందే తేల్చుకోవాలి, రాళ్ళ మీదకి బోటు లాగలేరు కదా. ఇంకోటి, సొంతంగా గోడ కట్టుకోవడం సీఆర్‌జెడ్ రూల్స్ (తీరం పక్కన ఏం కట్టొచ్చో చెప్పే కేంద్ర నిబంధనలు) ప్రకారం కుదరదు, కోత ఆపే కట్టడాలకి స్టడీ చేసి రాష్ట్ర తీర ప్రాంత నిర్వహణ సంస్థ అనుమతి తీసుకోవాలి. మావయ్యకి అది తెలియదు, ఎవరూ చెప్పలేదు.

జియో ట్యూబ్ అంటే పెద్ద సింథటిక్ గొట్టం సంచిలో ఇసుక నింపి ఒడ్డున పేర్చడం. ఉప్పాడలో 2010 ప్రాంతంలో వేశారు, కొన్నాళ్ళు ఆపింది, తర్వాత తుపాన్లకి చిరిగి దెబ్బతింది. రాళ్ళ కంటే చవక, తీసేయాలంటే తేలిక, కానీ ఎప్పటికప్పుడు చూసుకునే మనిషి లేకపోతే ఒక్క చిరుగుతో సంచి మొత్తం ఖాళీ అయిపోతుంది. శాశ్వత పరిష్కారం అని ఎవరైనా చెప్తే నమ్మకండి, నాలుగైదేళ్ళు టైమ్ కొనుక్కోవడానికి అయితే సరే.

ఇక ఇసుక పోయడం. నా మనసు దీనివైపే ఉంటుంది, దాచుకోను. విశాఖలో చూడండి, ఔటర్ హార్బర్ కట్ట దగ్గర ఇసుక వచ్చి పోగుపడే గొయ్యి ఒకటి ఉంటుంది, దాన్ని డ్రెడ్జర్‌తో తోడకపోతే ఓడల దారి మూసుకుపోతుంది, ఎలాగూ తోడిన ఆ ఇసుకనే ఉత్తరాన ఆర్కే బీచ్ వైపు పంపు చేస్తున్నారు. అంటే కట్ట వల్ల ఆగిపోయిన ఇసుకని మనిషే మోసి అవతల దింపడం. ఇదే న్యాయమైన పద్ధతి, ఎవరి ఇసుక వాళ్ళకి చేరడం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక ఆ చలికాలం ఆర్కే బీచ్ ఎంత కోసుకుపోయిందో చూసిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ తర్వాతే ఇసుక పోయడం అంటే ఏంటో విశాఖలో మామూలు జనం కూడా మాట్లాడుకోవడం మొదలైంది.

కానీ దీన్ని ఒప్పుకునే ముందు ఓనర్లు తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఒకటి, పోసిన ఇసుక పోసినచోట ఉండదు. మొదటి నెలల్లోనే చాలా భాగం నీళ్ళలోకి జారిపోతుంది, జనం "డబ్బంతా సముద్రం పాలు" అని గొడవ చేస్తారు, నేను కూడా అలాగే అనుకున్నా. ఒక రిటైర్డ్ ఇంజనీర్ గారు నాకు అర్థమయ్యేలా చెప్పారు, "బాబూ నీళ్ళ కింద కూడా బీచ్ ఉంటుంది, ముందు అది నిండాలి, అక్కడ అల విరిగితేనే ఒడ్డు మీద నెమ్మదిస్తుంది" అని. రెండు, ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదు, ఏటా కాకపోయినా రెండు మూడేళ్ళకైనా పోయాలి, కట్ట ఉన్నంత కాలం పోస్తూనే ఉండాలి. కాబట్టి మీటింగులో అడగాల్సింది "ఎన్ని కోట్లు" అని కాదు. ఎన్ని క్యూబిక్ మీటర్లు, ఎక్కడ తోడుతున్నారు, రేణువు మా బీచ్ ఇసుక కంటే సన్నమా లావా (సన్నమైతే త్వరగా కొట్టుకుపోతుంది), ఏ నెలలో పోస్తారు, మూడో ఏడాది డబ్బు ఎవరి బడ్జెట్లో ఉంది, ఇవీ అడగాల్సినవి. నెల సంగతి ముఖ్యం, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, అప్పుడు బుల్డోజర్లు తిప్పకూడదు. మూడు, ఇసుక తోడే చోటు మీ ముందే లోతు తక్కువ నీళ్ళలో అయితే వద్దే వద్దనండి, అది మీ జేబులో డబ్బు తీసి మీకే ఇవ్వడం.

ఇంకో విషయం ఓనర్లని బాగా ఇబ్బంది పెట్టేది. మన స్థలం ముందు కొత్తగా వచ్చిన బీచ్ ఎవరిది? మనది కాదు. 1905 నాటి భూ ఆక్రమణ చట్టంలోనే పోటు నీటి మట్టానికి కింద ఉన్న సముద్రపు అడుగు ప్రభుత్వానిది అని రాసి ఉంది, అలాంటి చోట ప్రభుత్వం డబ్బుతో ఇసుక పోస్తే ఆ నేల మన పట్టాలో కలవదు. కాబట్టి ఇసుక పోశాక కంచె ముందుకి జరుపుకుందాం అని ఎవరైనా ప్లాన్ వేస్తే ఆపండి. అక్కడ ఐస్‌క్రీమ్ బండ్లు వస్తాయి, పార్కింగ్ వస్తుంది, కొంత ప్రైవసీ పోతుంది, అది నిజమే, కానీ ఇంటి కింద నేల ఉండటానికి అది చెల్లించే ధర. న్యూజెర్సీలో ఉండే మా కజిన్ ఒక కేసు గురించి చెప్పింది, అక్కడ హార్వీ సీడర్స్ అనే ఊళ్ళో తుపాను అడ్డుకోవడానికి పెద్ద ఇసుక దిబ్బ కట్టారు, సముద్రం కనిపించట్లేదని ఒక పెద్ద వయసు దంపతులు కేసు వేస్తే జ్యూరీ 3,75,000 డాలర్లు ఇమ్మంది. 2012లో శాండీ తుపాను వచ్చింది, 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు "దిబ్బ వల్ల ఇంటికొచ్చిన రక్షణని కూడా లెక్కలో వేయాలి" అని ఆ తీర్పు కొట్టేసింది, చివరికి 1 డాలర్‌కి రాజీ అయింది. వ్యూ పోతుందని ఇసుక దిబ్బని వద్దనే అపార్ట్‌మెంట్ వాళ్ళు మన దగ్గరా ఉన్నారు, వాళ్ళకి నేను ఈ సంగతి చెప్తుంటాను.

గ్రోయిన్లు, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి అడ్డంగా వేసే చిన్న రాళ్ళ కట్టలు, వీటి గురించి ఎక్కువ చెప్పను. రెండు కట్టల మధ్య ఇసుక నిలబడుతుంది, చివరి కట్టకి ఉత్తరాన ఉన్న ఊరికి కష్టం మొదలవుతుంది. ఇసుక కూడా పోసి, కట్టల పొడుగు తగ్గిస్తూ పోయి, కిందా పైనా ఊళ్ళ వాళ్ళు ఒప్పుకుంటే సరే. ఒక ఊరు ఒంటరిగా అడిగితే మాత్రం అది పక్క ఊరి మీద గొడవే.

నీళ్ళ కింద రీఫ్ పుదుచ్చేరిలో చేశారు. 2018లో చెన్నై జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళ డిజైన్‌తో చీలిక ఆకారంలో ఉన్న పెద్ద ఉక్కు కట్టడాన్ని ఒడ్డుకి కాస్త దూరంలో నీళ్ళలో ముంచారు, అల దాని మీద విరిగి వెనక ఇసుక నిలవడం మొదలైంది, దశాబ్దాల తర్వాత ఆ ఊరి జనం ప్రొమెనేడ్ ముందు మళ్ళీ ఇసుక మీద నడిచారు. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు, వ్యూ పోదు. కానీ ఇది మోడల్ స్టడీ చేసి ఆ చోటు కోసమే కట్టాల్సిన వస్తువు, ఇంకో ఊరి డిజైన్ తెచ్చి మన ఊళ్ళో ముంచితే పని చేయదు, వలలు చిక్కుకుంటాయేమో అని వేటగాళ్ళని కూడా ముందే కూర్చోబెట్టి అడగాలి. పెద్ద ఊరికి, డబ్బున్న మున్సిపాలిటీకి ఇది మంచి ఆప్షన్, వంద గడపల పల్లెకి ఇది వచ్చేసరికి ఇళ్ళు ఉండవు.

అందరూ చిన్నచూపు చూసేది, నాకు చాలా ఇష్టమైనది ఇసుక దిబ్బలు, వాటి మీద తీగలు. మా చిన్నప్పుడు తాతయ్య వాళ్ళ ఇంటి ముందు మనిషెత్తు దిబ్బ ఉండేది, దాని మీద ఊదారంగు పూల బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్ళ గడ్డి బంతులు, వెనక మొగలి పొదలు, ఆ వెనక తాళ్ళు. ఆ గడ్డి బంతులు గాలికి దొర్లుతుంటే వెంటపడి పరిగెత్తేవాళ్ళం. ఆ దిబ్బే ఊరికి బ్యాంక్ అని అప్పుడు తెలియదు. తుపాను వస్తే అల దిబ్బలో ఇసుక లాక్కుపోతుంది, ఇల్లు జోలికి రాదు, మళ్ళీ ఎండాకాలం గాలికి తీగల్లో ఇసుక చిక్కుకుని దిబ్బ నిండుతుంది. ఇంకో లాభం, దిబ్బ కింద వాన నీళ్ళు నిలిచి ఊట బావిలో తియ్యటి నీళ్ళుండేవి. తర్వాత లేఅవుట్ల కోసం చదును చేశారు, ఇసుక ట్రాక్టర్లతో తోలుకుపోయారు, ఇప్పుడు అక్కడ బోరు వేస్తే ఉప్పు నీళ్ళే. దిబ్బలు చదును చేయడం సీఆర్‌జెడ్‌లో నిషేధం, కానీ ఫిర్యాదు చేసేవాళ్ళు ఉండాలి కదా. మీ స్థలం ముందు కాస్త దిబ్బ మిగిలి ఉంటే దాన్ని కాపాడుకోవడమే మీరు ఈ ఏడాది చేయగలిగిన అతి చవకైన పని, తొక్కకుండా ఒక నడక దారి వదిలి మిగతాది తాడు కట్టండి, తీగ ముక్కలు వానల్లో నాటండి. సరుగుడు వేస్తే చాలు అంటారు, సరుగుడు గాలిని ఆపుతుంది, నేల కోతని ఆపదు, ఒడ్డు అంచున వేర్లు బయటపడి పడిపోయిన సరుగుళ్ళు మన తీరం అంతా కనిపిస్తాయి. కోత ఇప్పటికే ఇంటి దాకా వచ్చేసిన చోట మాత్రం తీగలు ఏమీ చేయలేవు, టైమ్ దాటిపోయింది.

ఇప్పుడు డెవలప్‌మెంట్ సంగతి. భోగాపురం ఎయిర్‌పోర్టు, బీచ్ కారిడార్, రిసార్టులు అన్న మాటలు వినపడ్డాక భీమిలి వైపు స్థలం ఉన్న ప్రతివాళ్ళకీ ఫోన్లు వస్తున్నాయి, మా నాన్నకి కూడా. డెవలప్‌మెంట్ వద్దని నేను అనను, రోడ్డు లేక ఆసుపత్రికి ఆలస్యమై మనుషులు పోయిన ఊళ్ళు తెలుసు. కానీ కొత్త బీచ్ రోడ్డు మీ ఇంటికి ఎటువైపు వస్తోంది అన్నదాన్ని బట్టి అది వరమా శాపమా తేలుతుంది. రోడ్డు ఇంటి వెనక, సముద్రానికి దూరంగా వస్తే మంచిదే. ఇంటికీ సముద్రానికీ మధ్య, దిబ్బ మీద నుంచి వస్తే దిబ్బ పోతుంది, రోడ్డుని కాపాడటానికి రేపు రాళ్ళు పోస్తారు, రాళ్ళు పోస్తే బీచ్ పోతుంది. ఉప్పాడ కాకినాడ బీచ్ రోడ్డు చూడండి, ఏ పెద్ద తుపానొచ్చినా ఆ రోడ్డుకే దెబ్బ, 2025 అక్టోబర్లో మొంథాకి కూడా అంతే.

ఇక్కడ ఒక మోసం జరుగుతోంది, జాగ్రత్త. మాకు స్థలం చూపించిన బ్రోకరు ఒకాయన "ఊళ్ళో ఉన్న రోడ్డుకి లోపలి వైపు కట్టుకోవచ్చు సార్, కొత్త రోడ్డు ముందు నుంచి వస్తోంది, అదొస్తే మీ స్థలం రోడ్డుకి లోపలికి వచ్చేస్తుంది, జి ప్లస్ 5 కట్టేయొచ్చు" అన్నాడు. పట్టణ ప్రాంతంలో, అంటే సీఆర్‌జెడ్ 2లో, ఇప్పటికే ఉన్న రోడ్డుకి లోపలి వైపు కట్టుకోవచ్చు అన్నది నిజమే. కానీ ఉన్న రోడ్డుకి సముద్రం వైపు కొత్తగా రోడ్డు వేసి దానికి లోపల అని పర్మిషన్ ఇవ్వకూడదని కూడా ఆ నోటిఫికేషన్లోనే ఉంది. పల్లె ప్రాంతాల్లో అయితే పెద్ద పోటు గీత (పోటు నీళ్ళు చేరే చివరి గీత) నుంచి 200 మీటర్లు కట్టడాలు నిషేధం, 2019 జనవరి నోటిఫికేషన్ ప్రకారం 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకి 2,161 మంది కంటే ఎక్కువ ఉన్న పల్లెలకి అది 50 మీటర్లు, అది కూడా కొత్త తీర ప్రణాళిక మ్యాపులు ఆమోదం అయ్యాకే. కాబట్టి "50 మీటర్లే సార్" అని ఎవరైనా అంటే మ్యాపు చూపించమనండి, మీ సర్వే నంబరు మీద గీత ఎక్కడ పడిందో చూపించమనండి. సముద్రం ముందుకొస్తే ఆ పోటు గీత కూడా ముందుకొస్తుంది, ఇవాళ 210 మీటర్ల దూరంలో ఉన్న స్థలం కొత్తగా గీత గీసినప్పుడు ఆ లోపల పడొచ్చు.

పంచాయతీ ప్లాన్ ఇచ్చింది కదా అనే ధైర్యం కూడా చాలదు. కేరళలో మరడు ఫ్లాట్లకి పంచాయతీ పర్మిట్లు ఉన్నాయి, బ్యాంకులు లోన్లు ఇచ్చాయి, జనం ఏళ్ళ తరబడి కాపురాలున్నారు, 2019 మేలో సుప్రీంకోర్టు సీఆర్‌జెడ్ ఉల్లంఘన అని తేల్చింది, 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగు కాంప్లెక్సులూ పేల్చి కూల్చేశారు. కొనుక్కున్న వాళ్ళకి మధ్యంతరంగా 25 లక్షల చొప్పున పరిహారం. జీవితకాలం ఈఎంఐ కట్టే ఫ్లాటు అది. కొనేముందు ఈసీ, అడంగల్, 22ఏ నిషేధ జాబితా (రిజిస్ట్రేషన్ కుదరని భూముల లిస్టు), డీ పట్టా (ప్రభుత్వం పేదలకి పంచిన) భూమా కాదా, వీటితో పాటు సీఆర్‌జెడ్ మ్యాపు తప్పకుండా చూడాలి.

వెనక్కి జరగడం అనే మాట ఎవరికీ నచ్చదు. మావయ్య దగ్గర మొదటిసారి అన్నప్పుడు "వేటకెళ్ళేవాడు సముద్రాన్ని చూడకుండా ఎలా పడుకుంటాడ్రా" అని కోప్పడ్డాడు. ఆ కోపంలో నిజం ఉంది, 3 కిలోమీటర్లు లోపల కాలనీ ఇస్తే బోటు ఇంజనూ వలా ఎక్కడ పెట్టాలి, తెల్లవారుజామున 3 గంటలకి గాలి చూసుకోవడం ఎలా. అందుకే పునరావాసం అడిగేటప్పుడు ఇల్లు ఒక్కటే కాకుండా ఒడ్డున వల షెడ్డు, బోట్లు నిలిపే జాగా, అక్కడి దాకా దారి కూడా కలిపి అడగాలి. దీనికి డబ్బు లేదనే మాట ఒప్పుకోవద్దు, 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా నదీ తీర, సముద్ర తీర కోత తగ్గించే పనులకి 1,500 కోట్లు, కోతకి ఇళ్ళు పోయినవాళ్ళ పునరావాసానికి 1,000 కోట్లు జాతీయ నిధుల్లో వేరుగా పెట్టింది. ఈ సంగతి చెప్పి మన జిల్లా నుంచి ప్రతిపాదన ఎప్పుడు పంపారు అని కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా అడగండి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకునేవాళ్ళకి ఒక మాట. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ అమ్మే భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద, సునామీ కవర్ అవుతాయి, మంచి పాలసీయే, తీసుకోండి. కానీ నేల కుంగడం అనే దాని కింద తీర కోతకి మినహాయింపు రాసి ఉంటుంది. అంటే తుపాను గాలికి పైకప్పు పోతే క్లెయిమ్ వస్తుంది, నెలల తరబడి ఒడ్డు అరిగి పునాది కింద ఇసుక జారి గోడ కూలితే రాదు. అందుకే తుపాను ముందు, తర్వాత తేదీ కనిపించేలా ఫోటోలు తీసి ఉంచుకోండి, ఏది దేని వల్ల పోయిందో చూపించుకోవడానికి అవే దిక్కు.

మరి ఎవరికి ఏది అంటే నా అభిప్రాయం ఇది. విశాఖలాంటి ఊళ్ళో రోడ్డుకి లోపల పాత ఇల్లో ఫ్లాటో ఉన్నవాళ్ళు ఇసుక అడగండి, రాళ్ళు వద్దనండి, అసోసియేషన్లు కలిసి ఏటా ఎంత పోశారో లెక్క బయట పెట్టమని అడగండి, హార్బర్ కట్ట ఉన్నంత కాలం ఇసుక దాటించాల్సిన బాధ్యత కట్ట కట్టిన వాళ్ళదే అని గట్టిగా అనండి. భీమిలి, భోగాపురం వైపు ఖాళీ స్థలం ఉన్నవాళ్ళు, దిబ్బ ఉంటే కాపాడండి, కట్టేది గీతకి వీలైనంత వెనక్కి కట్టండి, మ్యాపు లేకుండా అడ్వాన్స్ తీసుకోవద్దు ఇవ్వొద్దు, రోడ్డు పబ్లిక్ హియరింగ్ పెడితే వెళ్ళి అలైన్‌మెంట్ దిబ్బ వెనక నుంచి తీసుకెళ్ళమని రాతపూర్వకంగా ఇవ్వండి, నోటితో చెప్పినది రికార్డులో ఉండదు. ఉప్పాడ, అంతర్వేది లాంటి కోత బాగా ఉన్న పల్లెల్లో, మీ పదేళ్ళ కొలతల్లో ఏటా రెండు మూడు మీటర్లు పోతున్నాయని తేలి ఇంటికి 30 మీటర్లు కూడా లేకపోతే సొంత డబ్బు ఒక్క రూపాయి కూడా గోడ మీద పెట్టొద్దు. ఊరు ఊరంతా కలిసి పునరావాసం అడగండి, అది వచ్చేదాకా ప్రభుత్వం ఖర్చుతో తాత్కాలిక రక్షణ అడగండి. ఒక్కో ఇల్లూ విడివిడిగా బేరమాడుకుంటే ముందు వెళ్ళిన పది ఇళ్ళకి సైట్లు వస్తాయి, మిగతావాళ్ళు పోయేనాటికి ఫైలు మూసేస్తారు. దూరం ఇంకా వంద మీటర్లుంటే అప్పుడు ఇసుక, గ్రోయిన్, రీఫ్ గురించి మాట్లాడుకోవడానికి టైమ్ ఉంది, పక్క ఊళ్ళ వాళ్ళని కూడా కలుపుకుని స్టడీ అడగండి.

మావయ్య చివరికి పోయిన సంక్రాంతి తర్వాత లోపల రెండు సెంట్ల జాగాలోకి మారాడు. ఒడ్డున తాటాకు పాక ఒకటి వేసుకుని వల అక్కడే పెట్టుకుంటున్నాడు, రాత్రి సగం రోజులు నిద్ర అక్కడే. పాత ఇంటి నుంచి తాతయ్య చేయించిన టేకు గుమ్మం, రెండు తలుపులు, కిటికీలు, వాసాలు ముందే జాగ్రత్తగా ఊడదీసి తెచ్చుకున్నాడు, కొత్తింటికి అవే బిగించాడు. వెళ్ళడమా ఉండటమా అని ఇంకా తేల్చుకోలేని వాళ్ళకి ఆయన చెప్పేది ఒకటే, అక్టోబర్ రాకముందే కలప ఊడదీసి లోపల ఎవరింట్లోనైనా పెట్టుకోండి, కూలాక వెతికితే గుమ్మం కూడా దొరకదు అని.